దయతో ఉండనిచ్చిన జాగ

మొన్న సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి పక్కింటి స్వప్న గుమ్మంలో నిలబడి ఉంది. గ్రూప్ పరీక్షలకు చదువుతున్న పిల్ల. చంకలో లావుపాటి గైడు, చెవి వెనక పెన్ను. "అమ్మమ్మా, బ్రిటన్ రాజకీయాలల్ల పితృవాత్సల్య సంప్రదాయవాదమట. నోరు తిరుగుతలేదు. నువ్వు సదువుకున్నవంట గదా, గిదేందో నాలుగు ముక్కలల్ల జెప్పు" అంది. చెప్పాను. ఉన్నవాళ్ళు తమ ఆస్తినీ హోదానూ పాత పద్ధతులనూ కాపాడుకుంటూనే, తమ కింద బతికేవాళ్ళ బాగోగులు తండ్రిలా చూడాలని నమ్మడం. భూస్వాముల ఇళ్ళలో పుట్టింది, ఫ్యాక్టరీల కాలంలో చట్టాలకెక్కింది, పెద్ద యుద్ధాల తర్వాత ప్రభుత్వమే ఆ తండ్రి బాధ్యత ఎత్తుకుంది, చివరికి సొంత పార్టీ వాళ్ళే దాన్ని వెక్కిరించారు. స్వప్న నిలబడే రాసుకుంది. "సాలమ్మమ్మా, గీ పాఠం నుంచి వస్తె ఒక్క బిట్టు వస్తది" అని వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళలేకపోయాను. పీట మీద కూర్చుండిపోయాను. కొన్ని మాటలు చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు, మోయడానికి మాత్రం ఒళ్ళంతా కావాలి. ఈ వయసులో నాకు ఆ ఓపిక తగ్గిపోయింది.

ఆ పాఠం నాకు చెప్పింది మా పెద్దబాపు, అంటే మా నాయనకు సొంత అన్న. నాకు ఊహ తెలియకముందే నాయన పోయారు. మా అవ్వనూ, అంటే అమ్మనూ, నన్నూ పెద్దబాపే తన ఇంట్లో పెట్టుకున్నారు. తిండికి గాని, బట్టకు గాని, మంచి మాటకు గాని ఆ ఇంట్లో మాకు ఏనాడూ తక్కువ జరగలేదు. పెద్దమ్మ తన కూతురికి ఏ రంగు జాకెట్టు కుట్టిస్తే నాకూ అదే రంగు కుట్టించేది. ఈ మాట ముందే చెప్పి పెట్టాలి. తర్వాత నేను రాయబోయేది చదివి ఎవరైనా ఆయనను చెడ్డవాడనుకుంటే ఆ పాపం నాది. ఇప్పటికీ పొద్దున పూజలో కొమురవెల్లి మల్లన్న పేరు తర్వాత నేను తలుచుకునేది ఆయన పేరే.

మాది దౌల్తాబాద్ దిక్కున ఉన్న ఊరు. వానకు పండే చెలకలు, రెండు బావులు, పెద్ద ఇల్లు ఉండేవి. ఊళ్ళో గాలి మారి, గోడల మీద ఎర్ర రాతలు వెలసిన రోజుల్లో పెద్దబాపు ఇంటికి తాళం వేసి మమ్మల్నందరినీ సిద్దిపేటకు తెచ్చారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఒక ట్రాక్టరులో పెట్టెల మధ్య కూర్చోబెట్టారు, అంతే గుర్తు. సిద్దిపేటలో ఇల్లు చిన్నది. కానీ ఊరి ఇంటి పద్ధతులన్నీ ఆ చిన్న ఇంట్లోనే ఇరికించి పెట్టారు. తెల్లవారకముందే పెద్దమ్మ వాకిలికి సానుపు చల్లేది. గడప పక్కన మట్టికుండలో చల్ల, దాని మీద మూత, మూత మీద బోర్లించిన కంచు గ్లాసు. మొదటి బస్సుకు ఊరి నుంచి ఎవరో ఒకరు దిగేవారు. ఒకరికి దవాఖానలో డాక్టరుకు చీటీ కావాలి, ఒకరికి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఒకరికి ఎద్దుకు జబ్బు. పెద్దబాపు గదిలో ఒక గోడ అల్మార ఉండేది. తలుపు తీస్తే కర్పూరం, దగ్గు మందు, పాత కాగితం కలిసిన వాసన కొట్టేది. జ్వరం బిళ్ళలు, కట్టుగుడ్డలు, కొత్త చీరలు రెండు మూడు, అన్నీ అందులోనే. ఎవరికి ఏమివ్వాలో ఆయనకు అడగకముందే తెలిసేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వచ్చినవాళ్ళు ముందు తినాలి. తిన్నంకనే మాట. ఎంత తొందర పని మీద వచ్చినా పెద్దబాపు చేయి అడ్డం పెట్టి, "ముందుగాల కడుపు సల్లవడనీ, మాట యాడికి పోతది" అనేవారు. పెద్దమ్మ ఇస్తరాకు వేసి జొన్నరొట్టెనో, గట్కనో, మామిడి తొక్కుతో పెట్టేది. ఆకలితో వచ్చినవాడి మాట వినడం పాపమని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం లేదు. తిన్న తర్వాత మాట మెత్తబడుతుందని, అడగాలనుకున్నది సగానికి తగ్గిపోతుందని ఆయనకు తెలుసో తెలియదో నేను చెప్పలేను. నాకైతే అప్పుడు తెలియదు.

నన్ను బడికి పంపలేదు. "బిడ్డ ఎండల నడిచి పోవుడెందుకు? సదువే ఇంటికొస్తది" అన్నారు. అన్నట్టే తెచ్చారు. హైదరాబాదులో లా చదివి మధ్యలో మానేసిన మనిషి ఆయన. మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ నడుము వాల్చినప్పుడు నన్ను తన గడంచె మంచం పక్కన చాప మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు పుస్తకం తెరిచేవారు. దానికి అట్ట లేదు, మొదటి పాతిక పేజీలు లేవు. ఇంగ్లండు రాజకీయాల చరిత్ర. ఒక పేజీ చదివించి, మూసి, "ఇగ తెలుగుల జెప్పు. తెలుగుల జెప్పరాకపోతే నీకు రానట్టే" అనేవారు. నేను ప్రైవేటుగా డిగ్రీ పరీక్షలు రాసింది, ఇవ్వాళ నాలుగు వాక్యాలు కుదురుగా పెట్టగలుగుతున్నది ఆ చాప పుణ్యమే.

మా దిక్కు దొర అనే మాట ఒకటే. ఊరి భూస్వామీ దొరే, తెల్లవాడూ దొరే. అందువల్ల ఆ పుస్తకం చెప్పడం పెద్దబాపుకు చాలా సులువయింది. "గాడ గూడ దొరలే బిడ్డా" అని మొదలుపెట్టేవారు. "ఊరికో దొర. గాయిన భూమి దున్నెటోళ్ళకు రోగమొస్తె దొరసానే గంపల రొట్టె, మందు వెట్టుకొని పోయి జూస్తది. ఎవలు జెప్పిన్రు? ఎవలు జెప్పలె. గది ధర్మం. పై జాగల ఉన్నోనికి కిందోని బరువు ఉంటదని వాళ్ళ ఎరుక." తర్వాత మిల్లులు వచ్చాయి. పొలం విడిచి జనం పట్నాలకు పోయారు. "మిల్లోనికి పనోని పేరే తెల్వది. కూలిచ్చిన్నా, ఐపాయె. సచ్చిండా బతికిండా వానికెందుకు? ఒక్క దేశంల ఉన్నోళ్ళది ఒక దేశం, లేనోళ్ళది ఒక దేశమయ్యింది. గప్పుడు ఎవలు లేచిన్రనుకుంటున్నవు? గీ పాత దొరలే. పసిపిల్లలు పొద్దుందాక మిల్లుల పనిజేసుడేందని చట్టాలు దెచ్చిన్రు." ఆ పార్టీ నాయకుడొకడు పట్నపు కూలీలకు ఓటు ఇప్పించడం, తర్వాత మురికివాడలకు మంచినీళ్ళు, గాలి తగిలే ఇళ్ళు అని చట్టాలు చేయడం చెప్పేటప్పుడు ఆయన గొంతు తన తాతల గురించి చెబుతున్నట్టు ఉండేది. పెద్ద యుద్ధాలయిన తర్వాత దవాఖానలు, పింఛన్లు, లక్షల ఇళ్ళు ప్రభుత్వమే చూసుకుంటుంటే, ఎదుటి పార్టీ మొదలుపెట్టిన పనులను కూడా ఈ దొరల పార్టీ కాదనకుండా సాగించింది. "ఇగ గవర్నమెంటే పెద్దబాపయ్యింది" అని నవ్వేవారు.

ఆ సిద్ధాంతానికి ఇంగ్లీషులో ఉన్న పేరును తెలుగు చేయమన్నప్పుడు నేను చాలాసేపు ఆలోచించి, తండ్రిని మా దిక్కు పిలిచే మాటతో, నోటుబుక్కులో 'బాపుతనం' అని రాశాను. ఆయన చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెద్దమ్మను నిద్ర లేపి మరీ చూపించారు. ఇంకోసారి నా తెలుగు ఆయనను దగ్గొచ్చేదాకా నవ్వించింది. అప్పట్లో ఆ దేశానికి ఒక ఆడమనిషి ప్రధానమంత్రి. సాయంత్రం రేడియోలో లండన్ వార్తలు వినడం ఆయనకు అలవాటు. ఎవరి బతుకు వాళ్ళే చూసుకోవాలి, ప్రభుత్వం అందరికీ తండ్రి కానక్కరలేదు అనేది ఆవిడ ధోరణి. ఆవిడ పార్టీలోనే బీదల పట్ల పాతకాలపు మెత్తదనం ఉన్నవాళ్ళను 'తడిసినవాళ్ళు' అనే అర్థం వచ్చే మాటతో ఎగతాళి చేసేవారట. మా దిక్కు బట్టలు ఆరకపోతే పచ్చిగున్నయి అంటాం. నేను ఆ మాటకు 'పచ్చివాళ్ళు' అని రాశాను. "పచ్చోళ్ళట, పచ్చోళ్ళు. నిజమే బిడ్డా, నేను గూడ పచ్చోణ్ణే. గీ ముసలితనంల ఎండల వెట్టినా ఆరను" అన్నారు. ఆ పాఠం చివర ఆయన చెప్పగా నేను రాసుకున్న వాక్యం ఒకటుంది. దయ చూపిన మనిషి పోతే దయ కూడా పోతుంది, చట్టం మాత్రం మిగులుతుంది, అందుకే ఆ దొరలు తమ దయను చట్టంగా మార్చారు. ఆ వాక్యం కింద ఆయనే గీత గీయించారు.

రాజవ్వ మా ఊరి మనిషి. ఆమె మామ, మొగుడు ఎల్లయ్య, ఇద్దరూ మా అరకలే దున్నారు. మా చెలక అంచున, మా జాగలోనే, ఎల్లయ్య మట్టిగోడలు పెట్టి గూనపెంక కప్పిన ఇల్లు ఆమెది. ఎల్లయ్య జ్వరంతో పోయాడు, ఉన్న ఒక్క కూతురిని బెజ్జంకిలో ఇచ్చింది. రాజవ్వ ఒంటరిగా ఆ ఇంట్లో ఉండేది. సిద్దిపేటకు వచ్చినప్పుడల్లా కొంగులో చిక్కుడుకాయలో, అనపకాయలో మూటకట్టి తెచ్చి పెద్దమ్మ ముందు పోసేది. మాట పొదుపు, నవ్వు ఎక్కువ. ఆ రోజు మాత్రం తినేటప్పుడే నవ్వు లేదు. ఆకు ఎత్తి పారేసి, చేతులు కడుక్కుని వచ్చి గడంచెకు కొంచెం దూరంలో కూర్చుంది.

"దొరా, చెలక అమ్ముతున్నరని ఊర్లె అంటున్రు" అంది.

"అమ్మితె అమ్ముత. గాడ ఎవలున్నరు సేద్యం జేస్తందుకు? నీకేం రంది? నేనుండంగ నీ ఇంటి జోలికి ఎవలొస్తరు?"

"నువ్వుండంగ ఎవలు రారు దొరా. గందుకే నువ్వుండంగనే ఓ కాయితం రాసియ్యరాదు."

పెద్దబాపు ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. కానీ నవ్వేశారు. "నా మాటకన్న కాయితం గట్టిదయ్యిందా రాజవ్వా? సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలె. రాయి బిడ్డా" అన్నారు నాతో. ఇంటి చీటీలు, ఉత్తరాలు అన్నీ నా చేతే రాయించేవారు, అక్షరం బాగుంటుందని. ఆయన చెప్పారు, నేను రాశాను. మా చెలక అంచున ఎల్లయ్య ఇల్లు కట్టుకున్న జాగలో అతని భార్య రాజవ్వను మేము దయతో ఉండనిచ్చినాము. కింద సంతకం చేశారు. రాజవ్వ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, రవికెలో పెట్టుకుని వెళ్ళింది. నాకూ ఆ రోజు గొప్ప పని చేసినట్టే అనిపించింది. మల్లన్నకు దండం పెట్టుకుని పడుకున్నాను.

పదిహేను రోజులు కాకముందే రాజవ్వ మళ్ళీ వచ్చింది. కొంగులో కూరగాయలు లేవు. పెద్దమ్మ అలవాటు ప్రకారం ఇస్తరాకు పరిచి, రొట్టె తేబోయింది. రాజవ్వ కూర్చోలేదు. "ముందుగాల మాట, దొర్సానీ. తిన్నంక నాకు నోరు లేవది" అంది. పెద్దమ్మ రొట్టె చేత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అలా అనగా నేను వినలేదు. గదిలోంచి పెద్దబాపు వచ్చారు. రాజవ్వ కాగితం తీసి నా చేతికిచ్చింది.

"మండలాఫీసుల సారుకు సూపెట్టిన. ఉండనిచ్చిన అంటె రేపు లేపచ్చు, ఇచ్చిన అంటె లేపరాదు అన్నడు. గా 'ఉండ' ఒక్కటి తీసెయ్యి దొరా. గది తీసేస్తేనే నేనుంట."

"దయ అన్న మాట గూడ సేదయ్యిందా నీకు?" అన్నారు పెద్దబాపు. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

"సేదెందుకైతది. నీ ఉప్పు తిని బతికినం. నేను కాదన్ననా?"

"ఎల్లయ్యకు జరమొస్తే జీపు మాట్లాడి దవాఖానకు తోలింది ఎవలు?"

"నువ్వే తోలినవు."

"నీ బిడ్డ లగ్గానికి చీర వెట్టింది ఎవలు?"

"దొర్సాని వెట్టింది. గదంత నాకు యాదున్నది దొరా. గీ కాయితానికి యాదుండదు గదా."

పెద్దబాపు గడంచె మీద కూర్చున్నారు. ఆమె అడుగుతున్నది ఒక గుంట జాగ. అడిగినవాళ్ళకు అడిగిన రోజే అంతకు పదింతలు ఇచ్చేసిన మనిషి ఆయన. గుడికి ఇచ్చారు, బడికి ఇచ్చారు. ఇవ్వడం ఆయనకు కష్టం కాదు. ఇచ్చిన తర్వాత ఆ మనిషికి తనతో పని ఉండకపోవడం ఆయన ఊహకు అందేది కాదు. తేలికపడ్డట్టు తలెత్తి, "సరే, నీకు నమ్మకం లేదు గనుక గట్టిగనే రాపిస్త. రాయి బిడ్డా, మళ్ళ రాయి. ఎల్లకాలం దయతో ఉండనిచ్చినాము" అన్నారు. ఆయన మనసులో ఆయన ఎంతో ఎక్కువ ఇచ్చారు. ఆ పొరపాటు చేయడానికి అంత మంచి మనిషి కావాలి.

నేను పెన్ను పట్టుకుని ఆగాను. ఆయన గీత గీయించిన వాక్యం నా నాలుక మీదికి వచ్చింది. పెద్దబాపూ, ఆ దొరలు దయను చట్టం చేసిన్రని నువ్వే గదా చెప్పినవు అని ఒక్క మాట అంటే చాలు. ఆయన శిష్యురాలినని మురిసిపోయే మనిషి, నవ్వి, కాసేపు వాదించి, ఏమో, మార్చేవారేమో. ఎదురుగా తలుపు వెనక మా అవ్వ నిలబడి ఉంది. ఆమె ఏ సైగా చేయలేదు. కానీ ఆమె కట్టుకున్న చీర, నేను వేసుకున్న జాకెట్టు, నా చేతిలో పెన్ను, ఆ పెన్ను పట్టడం నేర్పిన మధ్యాహ్నాలు, అన్నీ ఆ ఇంటివే. మేమిద్దరం కూడా అక్కడ దయతో ఉండనిచ్చినవాళ్ళమే, కాకపోతే మాకు ఎవరూ కాగితం రాయలేదు. నేను తల దించుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు, గుండ్రటి అక్షరాలతో రాశాను.

"ఏం రాసినవో సదువు చిన్నమ్మా" అంది రాజవ్వ. చదివాను. విని, నెమ్మదిగా అడిగింది. "ఎల్లకాలం అంటె ఎన్ని దినాలు చిన్నమ్మా?" నేను కాగితం మడిచాను. ఆమె కాగితం తీసుకుంది. ఈసారి కళ్ళకద్దుకోలేదు. పెద్దబాపుకు వంగి దండం పెట్టి, పరిచిన ఆకు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. "తినకపోయింది" అన్నారు పెద్దబాపు. ఆ పూట ఆయన కూడా రొట్టె ముట్టలేదు, చల్ల తాగి పడుకున్నారు.

మరుసటి ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయింది. వ్యవహారాలు ఆయన కొడుకు, మా నర్సింగన్న, చేతికి వచ్చాయి. అన్న చెడ్డవాడు కాదు. తండ్రికి మూత్రం గిన్నె పెట్టడానికి కూడా వెనకాడని కొడుకు. కానీ వ్యాపారం మనిషి. ఊరి నుంచి బస్సు దిగి వచ్చేవాళ్ళను చూస్తే చిరాకు పడేవాడు. "ఎన్ని దినాలు వీళ్ళను మోస్తం? ఎవల బతుకు వాళ్ళు బతకాలె గదా" అనేవాడు. రేడియోలో పెద్దబాపు విని విసుక్కున్న ఆ లండన్ ధోరణి, అంత దూరం నుంచి వచ్చి మా అన్న నోట్లో తెలుగు నేర్చుకుందనిపించేది నాకు. చల్లకుండ ముందు రెండు రోజులకోసారయింది, తర్వాత వానాకాలమని ఆపారు, తర్వాత ఎండలు వచ్చినా పెట్టలేదు. చెలక అమ్మేశారు. కొన్నాయన సిద్దిపేటలోనే దుకాణమున్న మనిషి, వచ్చి నాలుగు దిక్కులా రాతి కడీలు పాతించాడు. రాజవ్వ మా కాగితం చూపించిందట. ఆయన చదివి, మడిచి తిరిగి ఇచ్చి, "అవ్వా, నేను చెలక గొన్న. దయ గొనలె" అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. వారం గడువు ఇచ్చాడు. రాజవ్వ ఎవరినీ రానివ్వకుండా తనే ఇంటి మీదికెక్కి పెంక ఒక్కొక్కటే దించుకుందని, దర్వాజ ఊడబెరుక్కుని బెజ్జంకి పోయిందని ఊరివాళ్ళు చెప్పారు. ఆ సంగతి పెద్దబాపుకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు పూజలో దయ అనే మాట వస్తే దాన్ని దాటేసి చదివేదాన్ని. రోజూ మల్లన్నను అడిగేది అదే కదా, ఆ మాటలో తప్పేముంది అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తర్వాత తర్వాత ఒకటి అర్థమైంది. దేవుడికి ముసలితనం లేదు, కొడుకులు లేరు, ఆయన చెలక అమ్ముకోడు. మనిషి దయకు ఇవన్నీ ఉంటాయి. అలాగని ఇప్పటి కాలాన్ని చూసి సంబరపడలేను. ఇప్పుడు మా వాడకట్టులో ఎవరి పింఛను వాళ్ళ బ్యాంకులో పడుతుంది. ఎవరి గుమ్మం ముందూ ఎవరూ వంగి నిలబడనక్కరలేదు. అది ఎంత మంచిదో రాజవ్వను ఎరిగినదాన్ని నాకు తెలుసు. కానీ ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్నవాడు వచ్చిన ముసలమ్మను తిన్నావా అని అడగడు, వేలిముద్ర పడలేదు రేపు రా అంటాడు. పథకం కాగితం మీద ఎవరో ఒకరి ఫొటో నవ్వుతూ ఉంటుంది. ప్రతి కూడలిలో పెద్ద బోర్డు మీద ఇచ్చినవాళ్ళ పేరు పెద్దగా, తీసుకున్నవాళ్ళు చిన్నగా, గుంపుగా. దయను చట్టం చేశారు, మళ్ళీ చట్టాన్ని దయలా పంచుతున్నారు. పెద్దబాపు ఉంటే దీనికి ఏ పాఠం చెప్పేవారో. నాకు మాత్రం అప్పటిది కావాలో ఇప్పటిది కావాలో తేల్చుకునే శక్తి లేదు. అప్పటి అన్నం, ఇప్పటి కాగితం ఒకే చేతిలో ఉంటే చూడాలని ఉండేది. ఇంత బతుకులో అలాంటి చేయి నాకు కనబడలేదు.

పెద్దబాపు పోవడానికి ముందు ఎండాకాలం రాజవ్వ వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. పెద్దమ్మ అప్పటికి లేదు. అన్న దుకాణంలో, వదిన వంటింట్లో ఉన్నారు. రాజవ్వ నేరుగా నా దగ్గరికి వచ్చి ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఊరి బయట బంజరు జాగలో ఇల్లు లేనివాళ్ళకు ప్రభుత్వం ప్లాట్లు ఇచ్చింది, ఆమెకూ వచ్చింది, కూతురిని ఒప్పించి మళ్ళీ మా ఊరికే వచ్చేసింది. "అందరు సదివి సెప్పిన్రు. నువ్వు సదువు చిన్నమ్మా. నువ్వు రాసే మనిషివి, నీకు తెలుస్తది" అంది. మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. తన పేరు ముందుందా, ఎల్లయ్య పేరు ముందుందా అని అడిగింది. తన పేరే ముందుంది అన్నాను. "గా మాట ఉన్నదా?" అంది. ఏ మాటో నేను అడగలేదు. మళ్ళీ ఒకసారి, వేలు పెట్టి, గీత గీత చదివాను. 'దయ' లేదు, 'ఉండ' లేదు. "లేదు రాజవ్వా" అన్నాను. "మంచిగైంది" అని మడిచి పెట్టుకుంది. ఆ రోజు నేను రాసిన దాని గురించి క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే లేచి, "దొరెట్లున్నడు? ఓపారి సూసి పోత" అంటూ లోపలి గదిలోకి నడిచింది.

పెద్దబాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. రాజవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆయన గుర్తుపట్టారు. ఎడమ చేయి కొంచెం పైకి లేపి, అల్మార వైపు చూపించి, "ఏం... గావాలె" అన్నారు ముద్దముద్దగా.

"ఏమొద్దు దొరా. నిన్ను సూసి పోదామనొచ్చిన" అంది రాజవ్వ. తన కొంగుతోనే ఆయన మూతి పక్కన కారుతున్న నీరు తుడిచింది. ఊళ్ళో వానలు, ఎవరింట్లో మనవలు పుట్టారు, ఏ బావి ఎండింది, అన్నీ చెప్పింది. ఇల్లు పోయిన మాట గాని, ప్లాటు వచ్చిన మాట గాని ఎత్తలేదు. కాసేపటికి బస్సు వేళయిందని లేచి, నాకు చెప్పి వెళ్ళిపోయింది.

నేను దిండు సర్దుతుంటే ఆయన నా చేయి పట్టుకున్నారు. "ఏమడిగింది?"

"ఏమడగలె పెద్దబాపూ."

నమ్మలేనట్టు చూశారు. నేను మంచినీళ్ళు పట్టాను, తాగలేదు. నేను దాచిపెడుతున్నాననుకున్నారేమో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ మళ్ళీ అడిగారు. "మందా... చీరనా?" లేదని తల ఊపాను. ఆయన నా చేయి వదిలేసి పైకప్పు వంక చూశారు. తర్వాత, నన్ను కాదు, ఇంకెవరినో అడుగుతున్నట్టుగా, "మరెందుకొచ్చింది" అన్నారు.